జంట సిలిండర్ల బోల్టు: ఉప్పునీటిలో లోహాల చరిత్ర

లోతు నీటికి, గుహల్లోకి, మునిగిన ఓడల్లోకి వెళ్లే స్కూబా డైవర్లు చాలామంది వీపున ఒక సిలిండరుకు బదులు రెండు మోస్తారు. రెండింటి వాల్వులను పైన మ్యానిఫోల్డ్ అనే గొట్టం కలుపుతుంది. సిలిండర్లను ఒకదాని పక్కన ఒకటి కదలకుండా పట్టుకునేవి రెండు స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీలు, రెండు బోల్టులు. ఒక్కో పట్టీ రెండు సిలిండర్లనూ చుట్టి వచ్చి, నడుమ ఒక బోల్టు మీద నట్టుతో బిగుస్తుంది. బోల్టు అక్కడితో ఆగదు. దాని కొస బయటికి పొడుచుకు వచ్చి, తేలడానికి గాలి నింపుకునే తిత్తిలోంచి, డైవరు వీపుకు ఆనే లోహపు పలకలోంచి దూరి, చేత్తో తిప్పే రెక్కల నట్టు దగ్గర ముగుస్తుంది. రెండు బోల్టుల నడిమి దూరం 11 అంగుళాలు. బోల్టు లావు అమెరికాలో 5/16 అంగుళం, ఐరోపాలో 8 మిల్లీమీటర్లు. ఒడ్డున నిలబడినప్పుడు సిలిండర్ల బరువంతా, అంటే ముప్పై కిలోలకు పైనే, ఈ రెండు బోల్టుల మీద వేలాడుతుంది.

సముద్రంలో వాడి, కడగకుండా అలాగే ఆరబెట్టి, ఏడాది తర్వాత విప్పబోతే పట్టీని బిగించిన నట్టు కదలదు. పానా వేసి బలవంతం చేస్తే నట్టుతోపాటు బోల్టూ తిరుగుతుంది, లేదా తల తెగిపోతుంది. చాలా దేశాల్లో డైవింగు సిలిండర్లను అయిదేళ్లకోసారి నీటి పీడనంతో పరీక్షించాలి. పరీక్షకు సిలిండర్లను విడదీయాలి, విడదీయాలంటే నట్టు ఊడి రావాలి. రాకపోతే కోయడమే. కోసే చోట రెండు సిలిండర్ల గోడలూ వేలెడు దూరంలో ఉంటాయి. అందుకే ఈ బోల్టు విషయంలో చికిత్స కంటే నివారణ గురించే ఎక్కువ రాశారు, ఎక్కువ ఆలోచించారు. ఆ ఆలోచనకు మూలాలు డైవింగు కంటే చాలా పాతవి. ఉప్పునీటిలో లోహం లోహాన్ని తాకితే ఏమవుతుందో మొదట తెలుసుకున్నది ఓడలు కట్టినవాళ్లు, అదీ భారీ మూల్యం చెల్లించి.

అసలు లోహమే వాడకుండా పడవ కట్టే పద్ధతి ఒకటి ఉండేది. మచిలీపట్నం నుంచి మద్రాసు దాకా కోరమండల్ తీరంలో కెరటాల మీదుగా సరుకులు, మనుషులను ఓడకు చేర్చిన మసూలా పడవల పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. ఒక్క ఇనుప మేకు కూడా ఉండేది కాదు. కెరటం కొట్టినప్పుడు కుట్టు సాగి, పలక పగలకుండా తట్టుకునేది. భోజరాజు పేరు మీద ఉన్న ‘యుక్తికల్పతరువు’ సముద్రయానపు ఓడలకు ఇనుప కట్లు వద్దంటుంది. సముద్రంలోని అయస్కాంత శిలలు ఇనుమును లాగేస్తాయన్నది అందులో చెప్పిన కారణం. కారణం నిజం కాకపోయినా సలహా మంచిదే. తడిచెక్కలో దిగిన ఇనుప మేకు తాను తుప్పు పట్టడమే కాక చుట్టూ ఉన్న చెక్కను కూడా నల్లబరిచి కుళ్లబెడుతుంది.

ఐరోపా నౌకాదళాలు మాత్రం ఇనుమునే నమ్ముకున్నాయి. వందకు పైగా ఫిరంగులు మోసే ఓక్ చెక్క ఓడలను తాడుతో కుట్టలేరు. ఆ ఓడల అడుగును వేధించింది చెక్కను తొలిచే టెరెడో పురుగు. దాన్ని ఆపడానికి ఇంగ్లండు నౌకాదళం 17వ శతాబ్దంలోనే సీసపు రేకులు వేసి చూసింది. చుక్కాని ఇనుప కట్లు త్వరగా తినేసినట్టయ్యాయని ఫిర్యాదులు రావడంతో ఆ ప్రయోగం వెనకబడింది. అప్పటికి కారణం ఎవరికీ అంతుపట్టలేదు.

1761లో 32 ఫిరంగుల ‘అలార్మ్’ అనే ఓడ అడుగంతా రాగి రేకు తొడిగి వెస్టిండీస్‌కు పంపారు. 1763లో తిరిగొచ్చాక విప్పి చూస్తే రాగి పని రాగి చేసింది. పురుగు లేదు, గుల్లలు లేవు, నాచు లేదు. కానీ రాగిని తాకిన ఇనుప మేకులు, బోల్టులు చాలాచోట్ల ముద్దగా మారి చేతికి ఊడొచ్చాయి. పరిశీలించినవాళ్ల కంట మరో సంగతి పడింది. రాగి రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం కొన్నిచోట్ల తీయకుండానే రేకు కొట్టేశారు. ఆ కాగితం నిలిచి, రాగికీ ఇనుముకూ మధ్య అడ్డుగా ఉన్నచోట మేకు దాదాపు చెక్కుచెదరలేదు. రెండు లోహాలు నేరుగా తాకకూడదన్న సూత్రం ఆ నివేదికలోనే ఉంది. విద్యుత్తుతో దానికి సంబంధం ఉందని చెప్పగలవారు అప్పటికి ఎవరూ లేరు. గాల్వానీ కప్పకాళ్ల ప్రయోగం అచ్చయింది 1791లో, వోల్టా బ్యాటరీ వచ్చింది 1800లో.

ఇక్కడొక లెక్క గమనించాలి, ఎందుకంటే నేటి డైవరు బోల్టుకూ అదే వర్తిస్తుంది. ఉప్పునీటిలో రెండు లోహాలు తాకితే వాటిలో చురుకైనది కరుగుతుంది, నిమ్మళమైనది నిలుస్తుంది. ఎంత వేగంగా కరుగుతుందన్నది వైశాల్యాల మీద ఆధారపడుతుంది. ‘అలార్మ్’ అడుగున వేల చదరపు అడుగుల రాగి, దాని నడుమ అక్కడక్కడా వేలిముద్దర అంత ఇనుప తల. రాగి విస్తారం వల్ల పుట్టిన ప్రవాహమంతా ఆ చిన్న తలల మీదే పడుతుంది. పెద్ద ఇనుప పలకకు చిన్న రాగి మేకు కొడితే అంత నష్టం ఉండదు. చిన్న ఇనుప మేకును పెద్ద రాగి రేకులో దింపితే అది బతకదు.

అయినా అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఓడల వేగం కోసం బ్రిటిష్ నౌకాదళం 1779 నుంచి మొత్తం దళానికి రాగి తొడిగింది. రాగికీ చెక్కకూ మధ్య కాగితం, తారు వేసి ఇనుమును కాపాడవచ్చనుకున్నారు. రేవులో అది నిలిచింది, సముద్రంలో ఊగిసలాటకు రాసుకుపోయింది. 1782 ఆగస్టు 29న స్పిట్‌హెడ్ దగ్గర లంగరు వేసి మరమ్మతుకు ఒరిగించిన 100 ఫిరంగుల ‘రాయల్ జార్జ్’ ఉన్నచోటే మునిగింది. ఎనిమిది వందలకు పైగా మనుషులు పోయారు. విచారణ కోర్టు తప్పును కుళ్లిన కలపకు పెట్టింది. మరుసటి నెలలోనే అట్లాంటిక్ తుఫానులో మరికొన్ని పెద్ద యుద్ధనౌకలు పోయాయి. రాగి కింద కనపడకుండా తినేసిన ఇనుప బోల్టుల మీద అనుమానం బలపడింది. 1783 నుంచి ఇనుప బోల్టులు తీసేసి రాగివి వేయడం మొదలైంది. శుద్ధమైన రాగి మెత్తన, సుత్తితో దింపుతుంటే వంగిపోతుంది. వేడిచేయకుండా చల్లగా ఉన్నప్పుడే కొట్టి, రోలర్ల మధ్య నొక్కి గట్టిపరిచిన రాగి బోల్టులు అప్పుడే వచ్చాయి. తొడుగూ బోల్టూ ఒకే లోహమైతే కొట్లాట ఉండదన్న ఆలోచన అంతటి నష్టం తర్వాత గానీ ఆచరణలోకి రాలేదు.

తర్వాతి మెట్టు హంఫ్రీ డేవీది. రాగి తొడుగు కూడా ఏళ్ల తరబడి సన్నబడుతోందని నౌకాదళం ఆయన్ను సంప్రదించింది. 1824లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రాల్లో డేవీ చూపిన పరిష్కారం చాలా సరళం. రాగి కంటే చురుకైన జింకు ముక్కో, ఇనుప ముక్కో రాగికి తగిలించి ఉంచితే సముద్రం ఆ ముక్కను తింటుంది, రాగి నిలుస్తుంది. రాగి వైశాల్యంలో నూరో వంతు చాలు. ఈ ప్రయోగాల్లో ఆయనకు సాయపడింది మైఖేల్ ఫారడే. కొచ్చిన్‌లో టేకుతో కట్టి 1822లో నీట దింపిన ‘సమరాంగ్’ అనే యుద్ధనౌకకు కవచాలు బిగించి నోవా స్కోషియాకు పంపితే రాగి చెక్కుచెదరకుండా వచ్చింది. అయితే మిగతా ఓడల్లో ఎవరూ ఊహించనిది జరిగింది. కరగడం మానేసిన రాగి మీద గుల్లలు, నాచు పేరుకున్నాయి. రాగి ఓడను శుభ్రంగా ఉంచింది అది కొద్దికొద్దిగా కరిగి నీటిలోకి విషం వదలడం వల్లనే. ఆ కరుగుదలను ఆపితే రక్షణా పోయింది. కొద్ది ఏళ్లలో నౌకాదళం కవచాలు తీసేయించింది, డేవీ 1829లో చనిపోయాడు. ఆయన సూత్రం మాత్రం ఇనుప ఓడల కాలంలో తిరిగొచ్చింది. ఇవాళ ఉక్కు ఓడ ఏదైనా డ్రై డాక్‌లోకి వస్తే, చుక్కాని చుట్టూ, ప్రొపెల్లర్ దగ్గర బిగించిన జింకు లేదా అల్యూమినియం దిమ్మెలు కనిపిస్తాయి. ఉక్కుకు బదులు తాము తినబడడానికే వాటిని పెడతారు.

మునిగిన ‘రాయల్ జార్జ్’ మరో చరిత్రకూ మొదలైంది. 1834లో డీన్ సోదరులు తాము రూపొందించిన శిరస్త్రాణంతో దాని శిథిలాల మీదికి దిగి ఫిరంగులు పైకి తీశారు. 1839 నుంచి 1843 దాకా సైనిక ఇంజనీరు చార్లెస్ పాస్లీ ఆధ్వర్యంలో ఆ శిథిలాన్ని తొలగించిన డైవర్లు వాడిన దుస్తుల్లో ఆగస్టస్ సీబే మూసివున్న డైవింగు దుస్తులు మేటివని తేలింది. ఆ దుస్తుల్లో డైవరు ప్రాణం నిలిచేది బోల్టుల మీదే. భుజాల మీది రాగి పలక అంచున పన్నెండు బోల్టులు నిలబడి ఉంటాయి. దుస్తుల రబ్బరు మెడపట్టీని వాటికి తొడిగి, దాని మీద నాలుగు ఇత్తడి బద్దీలు పరిచి, ఇత్తడి రెక్కల నట్లు బిగిస్తారు. నట్టు వదులైతే నీరు లోపలికి వస్తుంది. నట్టు పట్టేస్తే డైవరు పైకొచ్చాక కూడా దుస్తుల్లోంచి బయటపడలేడు. ఆ నట్లు అరుదుగా పట్టేసేవి. పలక, బోల్టు, బద్దీ, నట్టు అన్నీ రాగి కుటుంబానికే చెందినవి కావడం ఒక కారణం. రోజూ విప్పడం, తుడవడం, మంచినీటితో కడగడం రెండోది. డైవింగు సామగ్రిలో రెక్కల నట్టు ఆనాటి నుంచి ఉంది. చేత్తో తిప్పేది కనుక అతిగా బిగించడం కుదరదు, ఆ గుణమే దాన్ని ఇంతకాలం నిలిపింది.

వర్క్‌షాపుల్లో ఇదే కాలంలో మరలకు కొలతలు ఏర్పడ్డాయి. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ 55 డిగ్రీల కోణంతో ఒక ప్రమాణం ప్రతిపాదించాడు, 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలతో మరొకటి. ఒకచోట చేసిన నట్టు మరోచోట చేసిన బోల్టుకు పట్టే రోజులు వచ్చాయి. దానితోపాటు మర చుట్ల మధ్య సందు కూడా సన్నబడింది. సన్నటి సందులోకి నీరు కేశనాళికల్లోలా పాకి చేరుతుంది, సులువుగా ఆరదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. నీరు ఆవిరైతే అవి మర చుట్ల మధ్య గట్టిపడతాయి, గాలిలో తేమ పెరిగితే మళ్లీ ఉప్పునీరవుతాయి. బోల్టు ఒడ్డున అలమరలో ఉన్నా సముద్రంలో ఉన్నట్టే. ఇది తెలిసిన నావికులు, ఫిట్టర్లు బిగించే ముందు మరలకు సీసపు తెల్లరంగు, పశువుల కొవ్వు కలిపి పూసేవారు. సందులో నీటికి చోటు లేకుండా చేయడమే దాని పని. ఆధునిక యాంటీ-సీజ్ పేస్టులన్నీ ఆ పూతకు వారసులే, విషపూరితమైన సీసం మాత్రం పోయింది.

19వ శతాబ్దపు ఓడల్లో రాగి స్థానంలోకి మంట్జ్ లోహం వచ్చింది. 1832లో పేటెంటు తీసుకున్న ఈ ఇత్తడిలో మూడు వంతుల రాగికి రెండు వంతుల జింకు. 1869లో నీట దింపిన ‘కటీ సార్క్’ ఇనుప అస్థిపంజరానికి చెక్క పలకలను ఈ లోహపు బోల్టులతోనే బిగించారు. అదే ఇనుము, దాని పక్కన అదే రాగి జాతి లోహం. ఆ ఇనుము క్షయాన్ని ఆపడం 21వ శతాబ్దపు పరిరక్షకులకు కూడా పెద్ద పనే అయింది.

తుప్పు పట్టని ఉక్కు వచ్చాక ఈ బాధంతా తీరుతుందనిపించింది. 1912లో జర్మనీ క్రుప్ సంస్థలో స్ట్రాస్, మౌరర్ క్రోమియం, నికెల్ కలిసిన ఉక్కుకు పేటెంటు సంపాదించారు. 1913లో షెఫీల్డ్‌లో తుపాకీ గొట్టాల అరుగుదల మీద పనిచేస్తున్న హారీ బ్రియర్లీ 12.8 శాతం క్రోమియంతో ఉక్కు పోత పోశాడు. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉక్కు మీద కొద్ది నానోమీటర్ల మందపు పొర కడుతుంది. గీత పడితే పొర తనంతట తానే మళ్లీ కట్టుకుంటుంది, అయితే అందుకు ఆక్సిజన్ కావాలి. నట్టు కింద, వాషర్ కింద, పట్టీ మడతలో నిలిచిన ఉప్పునీటిలో ఆక్సిజన్ అయిపోతే పొర తిరిగి కట్టుకోదు, క్లోరైడు లోపలికి గుంటలు తవ్వుతుంది. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలిపిన 316 రకం ఈ దాడిని 304 రకం కంటే మెరుగ్గా తట్టుకుంటుంది. సముద్రపు వాడకానికి 316 అడగడం అందుకే.

1943 జూన్‌లో ఫ్రాన్సు దక్షిణ తీరంలో కూస్తో పరీక్షించిన, గాన్యాన్‌తో కలిసి తయారుచేసిన ఆక్వాలంగ్ అనే శ్వాస పరికరానికి మొదట మూడు మధ్యరకం సిలిండర్లు ఉండేవి. యుద్ధం తర్వాత బ్రిటన్‌లో క్లబ్బుల సభ్యులు వైమానిక దళం వదిలించుకున్న సిలిండర్లను కొని సొంతంగా జతలు కట్టుకున్నారు. అమెరికాలో 72 ఘనపుటడుగుల ఉక్కు సిలిండర్ల జతలు వాడుకలోకి వచ్చాయి. ఇప్పుడు ప్రపంచమంతా వాడే జంట సిలిండర్ల రూపం స్థిరపడింది మాత్రం ప్రధానంగా ఫ్లోరిడా గుహల్లో. బహమాస్ నీలి గుంటలను శోధించిన జార్జ్ బెంజమిన్ పేరుతో తెలిసిన మ్యానిఫోల్డు ఒక రెగ్యులేటరు చెడితే దాన్ని మూసి రెండో దాని మీద రెండు సిలిండర్ల గాలీ వాడుకునే వీలు కల్పించింది. 1979లో గ్రెగ్ ఫ్లానగన్ వీపు పలకకు ఇప్పటి ఆకారం తెచ్చాడు. పట్టీల బోల్టుకే పలకనూ తిత్తినీ బిగించే ఏర్పాటు ఆ గుహల డైవింగులోనే స్థిరపడింది.

ఈ చరిత్రలో తగినంత గుర్తింపు రాని సంగతి ఒకటుంది. ఫ్లోరిడా ఊటలు మంచినీటివి. సున్నపురాయి గుండా వడకట్టుకొచ్చే ఆ నీటిలో స్టెయిన్‌లెస్ బోల్టు ఏళ్ల తరబడి కదలకుండా ఉన్నా పట్టెయ్యదు. అక్కడ పుట్టిన సామగ్రిని 1980ల చివర, 1990లలో శిథిల నౌకల డైవర్లు యథాతథంగా సముద్రంలోకి తీసుకెళ్లారు. 1956లో నాంటకెట్ దగ్గర మునిగిన ‘ఆండ్రియా డోరియా’ లాంటి చోట్లకు, ఎర్ర సముద్రానికి అదే పట్టీ, అదే బోల్టు వెళ్లింది. గుహ డైవరుకు బోల్టు ఒకసారి బిగించి మరిచిపోయే వస్తువు. ఆ అలవాటు కూడా సామగ్రితోపాటే సముద్రానికి వెళ్లింది, పట్టేసిన నట్లు అక్కడ పెరిగాయి.

అల్యూమినియం సిలిండర్లు 1970లలో విస్తరించడంతో మరో లోహం జతచేరింది. ఉప్పునీటిలో స్టెయిన్‌లెస్ ఉక్కు పక్కన అల్యూమినియం చురుకైనది, కాబట్టి కరిగేది అదే. రంగు వేసిన సిలిండరు మీద పట్టీ రాసుకుని చిన్న గీత పడితే, పెద్ద పట్టీ ప్రభావమంతా ఆ గీత మీద పడి గుంట ఏర్పడుతుంది. ‘అలార్మ్’ మేకుల లెక్క ఇక్కడా అదే. ఉక్కు సిలిండర్లకు వేడి జింకులో ముంచి పూత వేస్తారు. ఆ పద్ధతికి 1837లో ఫ్రాన్సులో సొరెల్ పేటెంటు తీసుకున్నాడు. పట్టీ తాకినచోట జింకు తెల్లటి పొడిగా మారడం చూసి కొందరు కంగారుపడతారు కానీ, అది డేవీ చెప్పిన పనే చేస్తోంది. పొడిని కడిగి, పట్టీ కింద సన్నటి ప్లాస్టిక్ లేదా రబ్బరు పొర వేస్తే జింకు ఎక్కువకాలం నిలుస్తుంది. ‘అలార్మ్’ అడుగున మేకులను కాపాడిన కాగితం చేసిన పని ఇదే, పదార్థం మారింది.

ఇక అన్నిటికంటే ఎక్కువ బోల్టులు పాడయ్యేది హార్డ్‌వేర్ దుకాణపు బోల్టు వల్ల. స్టెయిన్‌లెస్ పట్టీకి వచ్చిన బోల్టు పోతే, అదే సైజు జింకు పూత మామూలు ఉక్కు బోల్టు తెచ్చి వేస్తారు. మొదటి నెల అది మెరుస్తూనే ఉంటుంది. పలుచటి జింకు అయిపోగానే, చుట్టూ పెద్ద స్టెయిన్‌లెస్ పట్టీ, నడుమ చిన్న ఉక్కు బోల్టు మిగులుతాయి. ఉక్కు తుప్పు పడితే ఆ తుప్పు లోహం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, నట్టులోపల ఉబ్బి మరలను పిండేస్తుంది. ఇలా పట్టేసిన నట్టును నూనెతో వదిలించడం చాలా కష్టం. పట్టీ స్టెయిన్‌లెస్ అయితే బోల్టూ నట్టూ వాషరూ స్టెయిన్‌లెస్‌వే కావాలన్నది ఇందుకే.

అన్నీ స్టెయిన్‌లెస్ అయినప్పుడు తుప్పు సమస్య చాలావరకు తగ్గి, దాని స్థానంలో గాలింగ్ వస్తుంది. దీన్ని తుప్పని పొరపడేవాళ్లు చాలామంది. ఇందులో నీటి ప్రమేయమే లేదు. కొత్త బోల్టు, కొత్త నట్టు, పొడి గదిలో, మొదటిసారి బిగిస్తుండగానే పట్టేయవచ్చు. మర చుట్లు ఒత్తిడిలో ఒకదాని మీద ఒకటి రాసుకున్నప్పుడు ఆక్సైడు పొర చిరుగుతుంది. కింద శుద్ధ లోహం శుద్ధ లోహాన్ని తాకి అతుక్కుంటుంది. తిప్పుతున్న కొద్దీ అతుకు చినిగి, చినిగిన ముక్క మరో చోట అతుక్కుని, నట్టు కాసేపటికి బోల్టులో భాగమైపోతుంది. వేగంగా తిప్పితే వేడి పెరిగి ముప్పూ పెరుగుతుంది. నైలాన్ వలయం ఉన్న నట్టు రాపిడితో బోల్టును మరింత వేడెక్కిస్తుంది. మట్టి, ఇసుక రేణువులున్న మరల్లో పని ఇంకా త్వరగా అవుతుంది. దీనికి విరుగుడుగా 1970లలో ఆర్మ్‌కో సంస్థ మాంగనీసు, సిలికాన్ కలిపిన నైట్రానిక్ 60 అనే ఉక్కు తెచ్చింది. చవకైన దారి బోల్టూ నట్టూ కాస్త తేడా గల రకాలవి వాడటం, ఉదాహరణకు 304 బోల్టుకు 316 నట్టు. లోహాల స్వభావం దగ్గరిదే కనుక వాటి మధ్య విద్యుత్ దాడి స్వల్పం, అతుక్కునే గుణం మాత్రం తగ్గుతుంది.

పూతల విషయంలో డైవర్లు తెలుసుకోవాల్సింది ఓడల వాళ్ల కంటే కాస్త ఎక్కువ. రాగి పొడి కలిపిన పేస్టు వర్క్‌షాపులో ప్రసిద్ధం. దాన్ని అల్యూమినియం సిలిండరు పక్కన, ఉప్పునీటిలో పూస్తే రాగి తొడుగుల అనుభవమే తిరిగొస్తుంది. గ్రాఫైటుదీ అదే తీరు. నికెల్ పేస్టు, జింకు పేస్టు, గొర్రె ఉన్ని కొవ్వయిన లానోలిన్ సముద్రంలో నమ్మదగినవి. 1953లో శాన్‌డీగోలో అట్లాస్ క్షిపణి చర్మానికి తుప్పు పట్టకుండా తయారైన డబ్ల్యూడీ-40 నీటిని తరమడానికి మంచిది, మరలో నెలల తరబడి నిలిచే పూత మాత్రం కాదు. ఏ పూత వేసినా అది పట్టీ బోల్టు దగ్గరే ఆగాలి. సిలిండరు మెడలోని వాల్వు మరలకు, మ్యానిఫోల్డుకు మామూలు గ్రీజు ఎప్పటికీ తగలకూడదు. ఆక్సిజన్ ఎక్కువున్న మిశ్రమం అధిక పీడనంలో నూనెను తాకితే నిప్పంటుకోవచ్చు. అక్కడ ఆక్సిజన్‌కు సరిపడే ఫ్లోరినేటెడ్ గ్రీజు కొద్దిగా వాడతారు.

నేటి పద్ధతి స్థూలంగా ఇలా ఉంది. సముద్రం నుంచి రాగానే సిలిండర్ల మీద, ముఖ్యంగా పట్టీ మడతల్లో, నట్ల వెనక మంచినీరు ధారగా పోస్తారు. గోరువెచ్చని నీరైతే ఉప్పు త్వరగా కరుగుతుంది. రెక్కల నట్లను ప్రతిసారీ ఊడదీసి విడిగా కడుగుతారు. పట్టీ బోల్టులను ఏడాదికోసారైనా, సముద్రంలో తరచూ దిగేవాళ్లు కొద్ది నెలలకోసారి, పూర్తిగా విప్పి, మరలను పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరనిచ్చి, పూత వేసి తిరిగి బిగిస్తారు. మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. చేత్తో తిరగనప్పుడు పానా వేయకుండా వెనక్కి తిప్పి మరలో ఏముందో చూడాలి. సిలిండర్ల అడుగున వేసే రబ్బరు బూటులో నీరు నిలుస్తుంది కనుక దాన్ని కూడా తీసి కడుగుతారు. విప్పి బిగించే ఈ అలవాటుకే ఎక్కువ విలువ ఇవ్వాలి. ఏ పేస్టు లేకున్నా నెలనెలా కదిలే నట్టు పట్టెయ్యదు, ఎంత ఖరీదైన పేస్టున్నా మూడేళ్లు కదలని నట్టుకు భరోసా లేదు.

పట్టేసిన నట్టుకు మొదట వేడినీరు, తర్వాత వెనిగర్ గుడ్డ, తర్వాత చొచ్చుకుపోయే నూనె. ఒక్కోదానికి గంటలు కాదు, రోజులు ఇవ్వాలి. బోల్టు తలను ఒక పానాతో పట్టి, నట్టును మరో పానాతో మొదట కాస్త బిగించే దిశలో, తర్వాత వదులు చేసే దిశలో కొద్దికొద్దిగా కదుపుతారు. గ్యారేజీ మెకానిక్కులు చేసినట్టు బ్లో లాంపుతో వేడిచేయడం ఇక్కడ నిషిద్ధం. అల్యూమినియం సిలిండరు గట్టిదనం వేడి ప్రక్రియతో వచ్చినది. 177 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలిన సిలిండరును అమెరికా నిబంధనల ప్రకారం మళ్లీ వాడకూడదు, పరీక్షకు కూడా పంపరు. అందుకే మిగిలిన దారి నట్టును చీల్చే సాధనం, అదీ పట్టని చోట హాక్సా బ్లేడు. ముందు సిలిండర్ల గాలి పూర్తిగా వదిలేస్తారు. రెండు సిలిండర్ల గోడలకూ బ్లేడు తగలకుండా మధ్యలో పలుచటి ఉక్కు రేకు దూర్చి, పట్టీ బయటి వైపు నుంచి బోల్టును కోస్తారు. గ్రైండరు వాడితే నిప్పురవ్వలు, వేడి, అదుపుతప్పే ప్రమాదం మూడూ ఉన్నాయి కనుక ఓపికగలవాళ్లు చేత్తోనే కోస్తారు. కోశాక పట్టీ తొలగించి, దాని కింద ఇన్నాళ్లూ దాగిన గోడ భాగాన్ని కడిగి, గుంటలూ గీతలూ ఉంటే లోతు కొలుస్తారు. పరిమితి లోపల ఉన్న సిలిండరు పీడన పరీక్షకు వెళ్తుంది. పట్టీకి దానిలాగే స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసిన కొత్త బోల్టు, కొత్త నట్టు, కొత్త వాషరు పడతాయి.